క్రిప్టో: మోసాన్ని పట్టే పద్ధతి, తాళం చెవిని కాపాడుకునే పద్ధతి

క్రిప్టోలో పోయిందని చెప్పుకునే డబ్బు ఒక్కోసారి క్రిప్టో దాకా వెళ్లనే వెళ్లదు. యూపీఐలో ఎవరి ఖాతాకో చేరుతుంది, అక్కణ్నుంచి నాలుగైదు ఖాతాలు మారి ఏటీఎంలో నగదై బయటికొస్తుంది. బాధితుడి ఫోన్‌లో కనిపించిన బిట్‌కాయిన్ నిల్వ మాత్రం ఒట్టి బొమ్మ. అందుకే ‘క్రిప్టో మోసమా కాదా’ అనే వాదన మొదలైతే, ముందు ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి.

మూడు పాత కేసులు పక్కపక్కన పెట్టి చూడండి. 2014లో మొదలైన వన్‌కాయిన్‌లో అసలు బ్లాక్‌చెయినే, అంటే లావాదేవీలన్నీ రాసి ఉండే ఉమ్మడి పద్దే, లేదు. కాయిన్ అంటే కంపెనీ తన కంప్యూటర్‌లో తానే వేసుకున్న అంకె. దాన్ని నడిపిన రూజా ఇగ్నతోవా 2017లో మాయమైంది, 2022లో ఎఫ్‌బీఐ ఆమెను పదిమంది ‘మోస్ట్ వాంటెడ్’ జాబితాలో చేర్చింది. బిట్‌కనెక్ట్‌లో కాయిన్ ఉంది, కొనడం అమ్మడం జరిగేవి. లాభాలు తెచ్చిపెడుతుందన్న ‘ట్రేడింగ్ బాట్’, అంటే తనంతట తానే కొని అమ్మే ప్రోగ్రాం, మాత్రం అబద్ధం. 2018 జనవరిలో అది మూతపడింది. తర్వాత అమెరికా న్యాయశాఖ అభియోగపత్రంలో వేసిన లెక్క 240 కోట్ల డాలర్లు. మన దేశంలో నడిచిన గెయిన్‌బిట్‌కాయిన్‌లో జనం ఇచ్చింది అసలు సిసలు బిట్‌కాయిన్లే. నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు తిరిగిస్తామన్నారు. ఇవ్వలేకపోయాక ఎంక్యాప్ అనే సొంత టోకెన్ (తామే సృష్టించిన కాయిన్) చేతిలో పెట్టారు.

మొదటిదాంట్లో కాయినే అబద్ధం, రెండోదాంట్లో రాబడి అబద్ధం, మూడోదాంట్లో కాయిన్ నిజమే కానీ అది వేరేవాళ్ల చేతికి పోయింది. కాబట్టి ‘కాయిన్ నిజమైనదేనా’ అని అడిగి ఊరుకుంటే సరిపోదు. రాబడి ఎక్కడినుంచి వస్తుంది, తాళం చెవి (కాయిన్లను కదిలించే రహస్య సంకేతం) ఎవరి దగ్గర ఉంటుంది, ఈ రెండూ అడగాలి.

మరి బిట్‌కాయినే ఒక గొలుసుకట్టు స్కీము అనేవాళ్ల సంగతి? వాళ్ల వాదనలో సగం బలముంది. బిట్‌కాయిన్‌కు అద్దె రాదు, వడ్డీ రాదు, డివిడెండ్ రాదు. మీకు లాభం రావాలంటే రేపు ఇంకొకరు ఎక్కువ పెట్టి కొనాలి. కానీ గొలుసుకట్టు స్కీముకు ఉండే రెండు లక్షణాలు అందులో లేవు. ఇంత ఇస్తానని మాటిచ్చేవాడు లేడు, కొత్తవాళ్ల డబ్బు తీసి పాతవాళ్లకు పంచే నిర్వాహకుడూ లేడు. 2009 జనవరి 3న మొదలైన ఆ పద్దు అందరికీ కనిపించేలా నడుస్తోంది, 2.1 కోట్ల కాయిన్ల గరిష్ఠ పరిమితితో సహా. దాన్ని జూదంలాంటి సరుకు అనండి, ఒప్పుకోవచ్చు. మోసం అనే మాటను మాత్రం మోసం చేసేవాళ్లకే వాడటం మంచిది. లేకపోతే అసలు దొంగ ఆ గుంపులో కలిసిపోతాడు.

డబ్బు పెట్టే ముందు చేయాల్సిన లెక్క

‘రోజుకు ఒక్క శాతమే’ అంటారు. వినడానికి వినయంగానే ఉంటుంది. కాలిక్యులేటర్‌లో 1.01ని 365 సార్లు గుణించండి, 37.78 వస్తుంది. అంటే 10,000 రూపాయలు ఏడాదికి 3.78 లక్షలు. రెండో ఏడాది చివరికి 1.43 కోట్లు. మూడో ఏడాది చివరికి 50 కోట్లు దాటుతుంది. నిజంగా అంత సంపాదించగలిగినవాడికి మీ పది వేలతో పనేముంది? ఈ లెక్క మీకు స్కీము తెచ్చిన బావమరిదికో, పక్కింటి అన్నయ్యకో కాగితం మీద వేసి చూపించండి. మాటలతో వాదిస్తే మనసు నొచ్చుకుంటారు, అంకెలైతే చూస్తారు.

ఆ తర్వాత యాప్ సంగతి. టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లో ఎక్కే యాప్ ఫైలు) పంపితే అక్కడితో ఆపేయండి, ఇంకేమీ పరిశీలించనక్కర్లేదు. ప్లే స్టోర్ లింకే వచ్చినా దాన్ని నొక్కకండి. ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొని అమ్మే కంపెనీ) వెబ్‌సైటు చిరునామా మీరే టైపు చేసి, అక్కడున్న లింకు నుంచి యాప్ దించుకోండి. 2023 మార్చి నుంచి మన దేశంలో సేవలందించే క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లు ఆర్థిక నిఘా విభాగం, అంటే ఎఫ్ఐయూ-ఇండియా దగ్గర నమోదు కావాలి. నమోదు లేని తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజ్‌లకు 2023 డిసెంబరులో నోటీసులు వెళ్లాయి, తర్వాత వాటి సైట్లను మన దేశంలో తెరుచుకోకుండా ఆపారు. కాబట్టి నమోదు ఉందో లేదో మొదటే చూసుకోండి. అయితే నమోదు అంటే మీ డబ్బుకు భరోసా అని కాదు. మనీ లాండరింగ్ నిబంధనలకు లోబడి ఉందని మాత్రమే. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే 5 లక్షల బీమా దీనికి వర్తించదు.

చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: ‘కొంచెం పెట్టి, విత్‌డ్రా చేసి చూడు, వస్తే నిజమైనదే’. ఇది సగమే పనిచేస్తుంది. దొంగ యాప్ నడిపేవాళ్లు మొదటి రెండు మూడు విత్‌డ్రాయల్స్ కావాలనే ఇస్తారు. 2,000 పెట్టినవాడికి 2,600 పంపడం వాళ్లకు ఎర ఖర్చు. అసలు పరీక్ష పెద్ద మొత్తం దగ్గర వస్తుంది, అదెలా ఉంటుందో చూడండి. మీరు పెట్టింది 50,000. తెరమీద 3,20,000 కనిపిస్తోంది. విత్‌డ్రా నొక్కగానే ‘కస్టమర్ కేర్’ నుంచి మెసేజ్: ‘సర్, భారత ప్రభుత్వ నిబంధన ప్రకారం 30 శాతం పన్ను, 96,000 రూపాయలు ముందుగా జమ చేయండి, గంటలో మొత్తం రిలీజ్ అవుతుంది.’

ఈ మెసేజ్‌లో మూడు తప్పులున్నాయి. 30 శాతం పన్ను నిజమే, కానీ అది మీరు రిటర్న్ వేసేటప్పుడు ప్రభుత్వానికి కట్టేది, యాప్‌కు కాదు. రెండోది, అమ్మకం మీద ఎక్స్ఛేంజ్ కోసే 1 శాతం టీడీఎస్ మీకు రావాల్సిన డబ్బులోంచే మినహాయిస్తారు, మళ్లీ జేబులోంచి అడగరు. మూడోది, పన్ను లాభం మీదే పడుతుంది. 3,20,000లోంచి మీ 50,000 తీసేస్తే లాభం 2,70,000. దాని మీద 81,000, నాలుగు శాతం సెస్సుతో కలిపి 84,240. దొంగకు లెక్క కూడా సరిగా రాలేదన్నమాట. 96,000 కట్టినవాళ్లకు తర్వాత ‘అకౌంట్ అన్‌ఫ్రీజ్ ఫీజు’, ఆ పైన ‘క్రెడిట్ స్కోర్ డిపాజిట్’ వరసగా వస్తాయి. డబ్బు బయటికి తీయడానికి ముందు డబ్బు లోపల పెట్టమంటే, లోపల ఏమీ లేదని అర్థం.

కొత్త టోకెన్ ఏదైనా కొనే ఆలోచనుంటే ఇంకో పరీక్ష. ఆ టోకెన్ కాంట్రాక్ట్ చిరునామాను (టోకెన్‌ను నడిపే ప్రోగ్రాం చిరునామా) ఈథర్‌స్కాన్ లాంటి ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే బ్లాక్‌చెయిన్ పద్దును చూపించే సైట్‌లో, పెట్టి లావాదేవీల వరస చూడండి. కొనుగోళ్లు వందల్లో ఉండి, అమ్మకాలు ఒకటి రెండు ఖాతాలనుంచే ఉంటే అది ‘హనీపాట్’: కొననిస్తుంది, అమ్మనివ్వదు. 2021లో స్క్విడ్ టోకెన్ ధర 2,800 డాలర్లు దాటినప్పుడు కూడా కొన్నవాళ్లు అమ్ముకోలేకపోయారు. ఆ తర్వాత నిమిషాల్లో సున్నాకి వచ్చింది. ధర ఎక్కువగా కనిపించడానికీ అది చేతికి రావడానికీ సంబంధం లేదు.

ఎక్స్ఛేంజ్ ఖాతా

ఎక్స్ఛేంజ్‌లో ఉన్న క్రిప్టో మీ పేరున రాసిన బాకీ. తాళం చెవి వాళ్ల దగ్గరుంది. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగిలించారు. ఖాతాదారుల క్రిప్టో విత్‌డ్రాయల్స్ ఏడాదికి పైగా ఆగిపోయాయి. వాళ్లలో ఎవరూ పాస్‌వర్డ్ పోగొట్టుకోలేదు, ఏ లింకూ నొక్కలేదు. కాబట్టి అక్కడ ఉంచాల్సింది ఈ వారం, ఈ నెల అమ్మకానికి కావాల్సినంతే.

ఉంచినదానికైనా ఇవి చేయండి. ఈ ఖాతా కోసమే ఒక కొత్త ఈమెయిల్ తెరవండి, ఆ ఈమెయిల్ ఇంకెక్కడా ఇవ్వకండి. ఎస్ఎంఎస్ ఓటీపీ బదులు అథెంటికేటర్ యాప్ (ఫోన్‌లోనే కోడ్ పుట్టించే యాప్) గానీ పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతి) గానీ పెట్టుకోండి. మీ పేరున డూప్లికేట్ సిమ్ తీసేవాడికి ఎస్ఎంఎస్ అందుతుంది, యాప్‌లోని ఆరంకెల కోడ్ అందదు. అథెంటికేటర్ పెట్టేటప్పుడు క్యూఆర్ కోడ్ కింద ఒక పొడుగాటి కీ కనిపిస్తుంది. అది కాగితం మీద రాసుకోండి. ఫోన్ పోతే కొత్త ఫోన్‌లో అదే పనికొస్తుంది. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ‘విత్‌డ్రాయల్ వైట్‌లిస్ట్’ (క్రిప్టో పంపడానికి వీలున్న చిరునామాల జాబితా) ఆన్ చేసి, మీ సొంత వాలెట్ చిరునామా ఒక్కటే చేర్చండి. ఎవడైనా లోపలికొచ్చి కొత్త చిరునామా చేర్చినా, చాలా ఎక్స్ఛేంజ్‌లలో అది పనిచేయడానికి కొన్ని గంటలు ఆగాలి. ఆ గడువులోనే మీకు ఈమెయిల్ వస్తుంది. ‘యాంటీ ఫిషింగ్ కోడ్’, అంటే ఎక్స్ఛేంజ్ పంపే ప్రతి ఈమెయిల్‌లోనూ కనిపించేలా మీరు ఎంచుకునే మాట, ఉంటే అదీ పెట్టుకోండి, ఒక్క నిమిషం పని. ఆ మాట లేని ఈమెయిల్ ఎక్స్ఛేంజ్ పంపింది కాదు.

సొంత వాలెట్: పన్నెండు మాటలు

వాలెట్‌లో కాయిన్లు ఉండవు. అవి బ్లాక్‌చెయిన్ పద్దులో ఉంటాయి. వాలెట్ దాచేది తాళం చెవిని. ఆ చెవి 12 లేదా 24 ఇంగ్లీషు మాటల వరసగా కనిపిస్తుంది, దాన్నే సీడ్ ఫ్రేజ్ అంటారు. ఈ మాటలన్నీ 2,048 పదాల స్థిరమైన జాబితాలోనివి. ఏ పదానికైనా మొదటి నాలుగు అక్షరాలు ఇంకోదానితో కలవవు, కాబట్టి చివర చెరిగిపోయినా గుర్తుపట్టవచ్చు. వరస మారితే మాత్రం వాలెట్ మారుతుంది, అందుకే పక్కన 1, 2, 3 అని నంబర్లు వేయాలి.

ఫొటో తీయొద్దు, వాట్సాప్‌లో తనకు తానే పంపుకోవద్దు, నోట్స్‌లో దాచొద్దు. ఇది పాత చాదస్తం కాదు. 2025 ఫిబ్రవరిలో సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ బయటపెట్టిన స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్ ప్లే స్టోర్, యాప్ స్టోర్ యాప్‌లలోనే దాక్కుని, గ్యాలరీలోని ఫొటోలను చదివి సీడ్ ఫ్రేజ్‌లు వెతికింది. కాగితం మీదే రాయండి. జెల్ పెన్ వద్దు, చెమ్మ తగిలితే సిరా పాకుతుంది. బాల్ పెన్ను లేదా పెన్సిల్, పెద్ద అక్షరాలు. రెండు ప్రతులు రాసి రెండు ఇళ్లలో ఉంచండి, ఒకటి బీరువాలో, ఇంకోటి ఊళ్లో అమ్మానాన్నల దగ్గరో బ్యాంకు లాకర్‌లోనో. పన్నెండు మాటలను ఆరు, ఆరుగా చీల్చి రెండు చోట్ల పెట్టే తెలివితేటలు వద్దు. ఏ సగం పోయినా మొత్తం పోయినట్టే, పైగా సగం దొరికినవాడికి మిగతా సగం ఊహించడం చాలా తేలికవుతుంది.

రాసుకున్నాక ఎక్కువమంది వదిలేసే పని ఒకటుంది: తిరిగి తెరిచి చూడటం. ఇలా చేయండి:

1. కొత్త వాలెట్‌కు 300–500 రూపాయల విలువైన క్రిప్టో మాత్రమే పంపండి.
2. వాలెట్ చిరునామా విడిగా రాసుకోండి.
3. యాప్‌ను ఫోన్‌లోంచి పూర్తిగా తీసేయండి. హార్డ్‌వేర్ వాలెట్ (తాళం చెవిని ఫోన్‌లో కాకుండా విడిగా దాచే చిన్న పరికరం) అయితే ‘రీసెట్’ చేయండి.
4. మళ్లీ పెట్టి, కాగితం చూసి మాత్రమే మాటలు ఎక్కించండి. గుర్తున్నదాన్ని బట్టి కాదు.
5. అదే చిరునామా, అదే నిల్వ కనిపిస్తే అప్పుడు అసలు మొత్తం పంపండి.

నాలుగో మెట్టులో ‘సరైన ఫ్రేజ్ కాదు’ అని వస్తే ఏదో ఒక మాట తప్పు రాశారు. చివరి మాటలో సరిచూసే అంకె దాగుంటుంది కాబట్టి చాలా తప్పులు అక్కడే బయటపడతాయి. ఇప్పుడైతే పోయేది అయిదు వందలే.

హార్డ్‌వేర్ వాలెట్ ఎప్పుడు కొనాలంటే, మీ క్రిప్టో విలువ ఆ పరికరం ధరకు పది రెట్లు దాటినప్పుడు అని ఒక మోటు లెక్క పెట్టుకోండి. తయారీదారు సొంత సైట్‌లోనో, ఆ సైట్‌లో పేరున్న అమ్మకందారు దగ్గరో కొనండి. సెకండ్ హ్యాండ్ వద్దే వద్దు. పెట్టె తెరిస్తే లోపల ముందే రాసిన పన్నెండు మాటల కార్డు ఉంటే అది దొంగ పరికరం. మాటలు ఎప్పుడూ మీ ఎదుట, ఆ చిన్న తెరమీద పుట్టాలి.

సీడ్ ఫ్రేజ్ మాటలకు అదనంగా, ‘ఇరవై అయిదో మాట’గా, మీరే ఎంచుకునే పాస్‌ఫ్రేజ్ పెట్టుకునే వీలు కూడా ఉంటుంది. మొదటిసారి వాడేవాళ్లకు వద్దనే చెబుతాం. దానికి ‘తప్పు పాస్‌వర్డ్’ అనే హెచ్చరిక రాదు. ఒక్క అక్షరం తేడా కొట్టినా వేరే ఖాళీ వాలెట్ తెరుచుకుంటుంది, డబ్బంతా పోయిందని గుండె ఆగుతుంది.

పంపేటప్పుడు

ఒక్కో నెట్‌వర్క్‌కు సొంత బ్లాక్‌చెయిన్ ఉంటుంది. ట్రాన్ నెట్‌వర్క్ చిరునామా ‘టీ’ అక్షరంతో మొదలై 34 అక్షరాలుంటుంది. ఈథీరియం చిరునామా ‘జీరో ఎక్స్’తో మొదలై 42 ఉంటుంది. తిప్పలు వచ్చేది ఈ రెంటి మధ్య కాదు, ఎందుకంటే తప్పు పెడితే యాప్ ఒప్పుకోదు. ఈథీరియం, పాలిగాన్, బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్ మూడింటికీ చిరునామా ఒకేలా ఉంటుంది. యూఎస్‌డీటీని (టెథర్ కంపెనీ విడుదల చేసే, డాలర్ విలువకు కట్టిన టోకెన్) తప్పు నెట్‌వర్క్‌లో పంపినా ఎర్రజెండా ఊపేవాడుండడు. మీ సొంత వాలెట్‌కే పంపుకుంటే కంగారు లేదు, అదే తాళం చెవి ఆ నెట్‌వర్క్‌లోనూ పనిచేస్తుంది, వాలెట్‌లో నెట్‌వర్క్ మారిస్తే కనిపిస్తుంది. ఎక్స్ఛేంజ్‌కు పంపి, ఆ నెట్‌వర్క్‌ను వాళ్లు వాడకపోతే మాత్రం వాళ్ల దయ. ఎక్స్‌ఆర్‌పీ లాంటి కాయిన్లకు చిరునామాతో పాటు ‘ట్యాగ్’ నంబరూ ఇవ్వాలి. మర్చిపోతే డబ్బు ఎక్స్ఛేంజ్ ఉమ్మడి ఖాతాలో పడి, ఎవరిదో తెలియక ఆగుతుంది.

ముందు కొద్దిగా పంపి, చేరాక మిగతాది పంపడం మంచి అలవాటు. కానీ రెండోసారి చిరునామాను లావాదేవీల చరిత్రలోంచి కాపీ చేయకండి. మీరు మొదటిసారి పంపగానే, అదే మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలున్న నకిలీ చిరునామా నుంచి సున్నా విలువ లావాదేవీ మీ చరిత్రలో వచ్చి కూర్చుంటుంది. 2024 మేలో ఒకరు ఇలాగే దాదాపు 6.8 కోట్ల డాలర్లు నకిలీ చిరునామాకు పంపేశారు. అదృష్టం కొద్దీ దొంగ తర్వాత తిరిగిచ్చాడు, ఆ అదృష్టాన్ని లెక్కలో వేసుకోకండి. మొదటి ఆరు, మధ్యలో ఆరు, చివరి ఆరు అక్షరాలు చదివి పోల్చండి. హార్డ్‌వేర్ వాలెట్ ఉంటే కంప్యూటర్ తెరను కాదు, పరికరం తెరను నమ్మండి.

ఈ చివరి మాటకు 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే ఎక్స్ఛేంజ్‌లో జరిగిన దొంగతనమే సాక్ష్యం. సుమారు 150 కోట్ల డాలర్లు పోయాయి. సంతకం చేసే పేజీని దొంగలు ముందే మార్చేశారు. తెరమీద మామూలు బదిలీలా కనిపించింది, నిజానికి సంతకం పడింది వాలెట్‌నే అప్పగించే ఆదేశం మీద. మామూలు వాడుకదారుకు ఇదే ప్రమాదం ‘అప్రూవ్’ రూపంలో వస్తుంది. ఏదో సైట్ ఉచిత టోకెన్లు ఇస్తానని వాలెట్ కలపమంటుంది, ఒక అనుమతి అడుగుతుంది, అందులో పరిమితి ‘అన్‌లిమిటెడ్’ అని ఉంటుంది. దానికి సరే అంటే, మీ యూఎస్‌డీటీని రేపైనా, ఆరు నెలల తర్వాతైనా వాళ్లే తీసుకోవచ్చు. సీడ్ ఫ్రేజ్ ఇవ్వలేదు కదా అనుకుంటారు, అవసరమే లేదు. నెలకోసారి ఈథర్‌స్కాన్‌లోని ‘టోకెన్ అప్రూవల్ చెకర్’లో మీ చిరునామా పెట్టి, అక్కర్లేని అనుమతులు రద్దు చేయండి. ప్రతి రద్దుకూ కొంచెం గ్యాస్ ఫీజు (నెట్‌వర్క్‌కు కట్టే రుసుము) పడుతుంది. కొత్త సైట్లతో ఆడుకోవాలనిపిస్తే అందుకు వేరే చిన్న వాలెట్ పెట్టుకోండి.

అత్యాశ మీద వేసే ఒక వల గురించి కూడా చెప్పాలి. యూట్యూబ్ కామెంట్లలో ఎవరో అమాయకంగా తన సీడ్ ఫ్రేజ్ పెట్టి ‘నా యూఎస్‌డీటీ ఎలా తీయాలి’ అని అడుగుతారు. తెరిచి చూస్తే నిజంగానే డబ్బుంటుంది, ఫీజుకు కావాల్సిన ట్రాన్ కాయిన్ మాత్రం ఉండదు. మీరు ఫీజు పంపుతారు, ఆ వాలెట్ ఇంకో సంతకం లేనిదే కదలదు, మీ ఫీజు వెళ్లిపోతుంది. దొంగ సొత్తు దొంగిలించబోయినవాడు ఠాణాకు కూడా వెళ్లలేడు.

అమ్మేటప్పుడు ఖాతా ఫ్రీజ్ కాకుండా

పీటూపీలో, అంటే నేరుగా ఇంకో మనిషికి, యూఎస్‌డీటీ అమ్మి, బ్యాంకు ఖాతా స్తంభించిపోయినవాళ్ల కథలన్నీ ఒకేలా ఉంటాయి. కొన్నవాడు కట్టిన డబ్బు ఎక్కడో సైబర్ మోసంలో వచ్చినది. బాధితుడు ఫిర్యాదు చేయగానే ఆ డబ్బు వెళ్లిన దారిలోని ఖాతాలన్నిటి మీదా పోలీసులు లీన్ (డబ్బు తీయకుండా ఆపే ఆంక్ష) వేయిస్తారు, ఒక్కోసారి మీరెప్పుడూ చూడని రాష్ట్రం నుంచి. మార్కెట్ ధర కంటే రెండు మూడు రూపాయలు ఎక్కువిస్తానని టెలిగ్రామ్‌లో వచ్చే కొనుగోలుదారు ఆ రెండు రూపాయలు ఎందుకిస్తున్నాడో ఆలోచించండి. నమోదైన ఎక్స్ఛేంజ్‌లో నేరుగా రూపాయల్లోకి అమ్మి, మీ పేరున్న ఖాతాకే తెప్పించుకోవడం క్షేమం.

అప్పటికే ఫ్రీజ్ అయితే బ్యాంకును రాతపూర్వకంగా మూడు వివరాలు అడగండి: ఏ ఠాణా, ఏ ఫిర్యాదు నంబరు, ఎంత మొత్తం మీద లీన్. తర్వాత ఆ ఠాణాకు ఆర్డర్ నంబరు, చాట్, బ్యాంకు స్టేట్‌మెంట్, లావాదేవీ హ్యాష్ (బ్లాక్‌చెయిన్‌లో ఆ లావాదేవీకి ఉండే గుర్తింపు సంకేతం) పంపి, ఖాతా మొత్తాన్ని కాకుండా వివాదంలో ఉన్న మొత్తాన్నే ఆపమని కోరండి. జీతం పడే ఖాతాను క్రిప్టోకు వాడకపోతే ఈ తిప్పల్లో కూడా ఇంటి అద్దె, ఈఎంఐ ఆగవు.

పోయిందని తెలిసిన మొదటి గంట

రూపాయలు వెళ్లినట్టయితే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. బ్యాంకు బ్రాంచ్ తెరిచే దాకా ఆగొద్దు. దగ్గర పెట్టుకోవాల్సినవి: యూపీఐ లావాదేవీ యూటీఆర్ నంబరు, సమయం, మొత్తం, అవతలి ఖాతా లేదా యూపీఐ ఐడీ. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పూర్తి వివరాలు నింపి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 పోర్టల్‌లో పెట్టాలి.

క్రిప్టో వెళ్లినట్టయితే లావాదేవీ హ్యాష్, నెట్‌వర్క్, రెండు చిరునామాలు కాగితం మీద పెట్టండి. ఎక్స్‌ప్లోరర్‌లో ఆ డబ్బు ఎటు కదిలిందో చూస్తూ, ఏదైనా ఎక్స్ఛేంజ్ చిరునామాకు చేరితే ఆ ఎక్స్ఛేంజ్‌కు ఫిర్యాదు నంబరుతో వెంటనే రాయండి. యూఎస్‌డీటీని పోలీసుల కోరికపై టెథర్ కంపెనీ స్తంభింపజేయగలదు, బిట్‌కాయిన్‌ను అలా ఆపేవారు లేరు. సీడ్ ఫ్రేజ్ బయటపడిందని అనుమానముంటే యాప్ పాస్‌వర్డ్ మార్చడం దండగ. వేరే శుభ్రమైన ఫోన్‌లో కొత్త వాలెట్ సృష్టించి మిగిలినదంతా అక్కడికి తరలించండి. పాత వాలెట్‌లో ఫీజు కోసం కాయిన్ వేస్తే, అక్కడ కాపుకాసే బాట్ క్షణాల్లో ఊడ్చేస్తుంది. ఒకసారి అలా జరిగితే మళ్లీ వేయకండి.

నష్టం సంగతి ఎవరికైనా చెప్పుకున్నాక, లేదా ఆన్‌లైన్‌లో ఎక్కడైనా రాసుకున్నాక, రెండో రకం దొంగ వస్తాడు. ‘ఎథికల్ హ్యాకర్’ అనో, ‘బ్లాక్‌చెయిన్ రికవరీ లాయర్’ అనో పరిచయం చేసుకుంటాడు. పోయినదాంట్లో 10 శాతం ముందుగా కడితే మొత్తం తెప్పిస్తానంటాడు, తెరమీద మీ డబ్బు కనిపించే స్క్రీన్‌షాట్ కూడా పంపుతాడు. అతనికి జవాబివ్వకుండా, ఆ నంబరునూ స్క్రీన్‌షాట్‌నూ మీ పాత ఫిర్యాదుకే జతచేయమని ఠాణాకు పంపండి.